బంగళా కప్పు మన ఫ్లాట్ హాల్లో: తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో జమీందారీ సీలింగ్ చేయించుకోవడం ఎలా

“దివాణంలో ఉండే కప్పులా చేయించరా,” అన్నారు మా నాన్న, విశాఖ పెద వాల్తేరులో ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన రోజున. ఆయన చిన్నప్పుడు తాతగారు విజయనగరం వైపు ఒక ఎస్టేటులో గుమాస్తా. లెక్కలు ఒప్పజెప్పడానికి బంగళాకి వెళ్లినప్పుడల్లా పిల్లాణ్ణి కూడా తీసుకెళ్లేవారట. లోపల పని తెమిలేదాకా ఈయన హాల్లో బల్ల మీద వెల్లకిలా పడుకుని కప్పు మీది పూలు లెక్కపెట్టుకునేవారట. ఆ హాలు ఎత్తు 18 అడుగులకి తగ్గి ఉండదని నా అంచనా. మా హాలు కూడా 18 అడుగులే, కాకపోతే అది పొడవు. ఎత్తు 9 అడుగుల 8 అంగుళాలు. వెడల్పు 13.

అక్కడ మొదలైంది పని. ఇంతకు ముందు ఇంట్లో ఒకసారి సీలింగ్ చేయించి చెడగొట్టుకున్నాను, ఇక్కడ బాగా కుదిరింది. రెండిట్లో నేర్చుకున్నదంతా వరసగా చెబుతాను. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి: షాపుకెళ్లి పూలు, తీగలు, గులాబీ పతకాలు కొనెయ్యకండి. అవి చివర్లో వచ్చేవి, చాలామటుకు అసలు అక్కర్లేనివి.

రాజుల కప్పులో అసలు ఏముందో ముందు చూడండి

పాత బంగళాల్లో మద్రాస్ టెర్రస్ అనే కప్పు ఉండేది. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా చిన్న దంతెలు, వాటి మీద ఏటవాలుగా నిలబెట్టి పేర్చిన సన్నటి ఇటుకలు, పైన సున్నం. కింది నుంచి చూస్తే దూలాలు కనబడుతూనే ఉండేవి. డబ్బున్న వాళ్లు దాని కింద నున్నటి గచ్చు చేయించుకునేవారు, డంగు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి. యూరప్ ప్రభువుల ఇళ్లలో పద్ధతి వేరే: దూలాల కిందికి సన్నటి చెక్క పట్టీలు మేకులతో కొట్టి, వాటి మీద జంతువుల వెంట్రుకలు కలిపిన సున్నం మెత్తేవారు.

ఇప్పుడు ఆ కప్పుల మీది అలంకారాన్ని ఒక్కొక్కటిగా విప్పి చూడండి. గోడా కప్పూ కలిసే మూల ఎప్పుడూ పగులుతుంది, ఆ పగులు మీద కూర్చున్నది కార్నిస్. షాండ్లియర్ వేలాడే ఇనప కొక్కెం చుట్టూ గచ్చు ఊడుతుంది, మసి పడుతుంది, దాన్ని కప్పేది మధ్య పద్మం. దూలాలు అడ్డంగా నిలువుగా కలిస్తే మధ్యలో మిగిలిన గుంటలే గళ్ల సీలింగ్, మన ఇంటీరియర్ వాళ్లు కాఫర్డ్ అంటారే, అది. రోమ్‌లోని పాంథియాన్ గుమ్మటంలో అలాంటి గళ్లు వరసకి 28 చొప్పున 5 వరసలు ఉన్నాయి, చూడ్డానికే కాదు, గుమ్మటం బరువు తగ్గించడానికి కూడా పనికొచ్చాయి. అంటే ప్రతి అలంకారం ఒక అతుకునో, ఒక బరువునో సర్దుకుంటూ పుట్టింది. పని లేని చోట పువ్వు పెడితే అది పెళ్లి మండపంలా కనబడుతుంది, మూడు రోజుల తర్వాత తీసేయాలనిపిస్తుంది.

ఫలక్‌నుమా, చౌమహల్లా చూసొచ్చి “అలాగే కావాలి” అనేవాళ్లు చాలామంది. చౌమహల్లా దర్బారు హాలు ఖిల్వత్‌లో 19 షాండ్లియర్లు వేలాడుతున్నాయంటే కింద అంత ఎత్తుంది కాబట్టి. మనకి పనికొచ్చే గురువులు వేరే ఉన్నారు. ఒకాయన రాబర్ట్ ఆడమ్, 18వ శతాబ్దపు బ్రిటిష్ ఆర్కిటెక్ట్. లండన్ పక్కనున్న ఆస్టర్లీ పార్క్‌లాంటి ప్రభువుల ఇళ్లకి కప్పులు గీశాడు. ఆయన కప్పుల్లో గచ్చు పని చాలా పల్చగా ఉంటుంది, పళ్లెం మీద ముగ్గేసినట్టు. లోతు బదులు వెనకాల లేత ఆకుపచ్చ, లేత గులాబి రంగులు నింపి ఆ తెల్లటి గీతల్ని పైకి తేల్చాడు. సాల్ట్రమ్ అనే ఇంట్లో అయితే కప్పు మీది డిజైన్‌నే కింద కార్పెట్‌లో కూడా పలికించాడు. తొమ్మిదిన్నర అడుగుల వాళ్లకి ఇంతకంటే మంచి పాఠం లేదు: లోతు వద్దు, గీత చాలు.

ఇంకొకాయన ఇటలీలో మాంటెన్యా. మాంటువా పాలకుల కోటలో 1474లో పూర్తిచేసిన ఒక గదిలో, కప్పు మధ్యలో గుండ్రటి కంత ఉన్నట్టు, దాంట్లోంచి ఆకాశం, తొంగిచూసే మనుషులు, పసిపిల్లలు ఉన్నట్టు బొమ్మ గీశాడు. చుట్టూ గచ్చుతో చెక్కినట్టు కనబడేవి కూడా చాలావరకు రంగే. గచ్చు లేకుండా గచ్చు. ఇది గుర్తు పెట్టుకోండి, బడ్జెట్ అయిపోయినప్పుడు పనికొస్తుంది.

మొదటి పని: శ్లాబు కారుతోందా?

టాప్ ఫ్లోర్ అయితే టెర్రస్ మీద గట్లు కట్టి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడండి. మధ్య ఫ్లోర్ అయితే పై ఇంటి వాళ్ల బాత్రూమ్ మీ హాలు పక్కనే ఉందేమో కనుక్కోండి, మొహమాట పడకండి. వీలైతే ఒక వానాకాలం గడవనివ్వండి. మన ఊళ్లో జూన్ వానలు దాటితే అయిపోయినట్టు కాదు, అక్టోబరు, నవంబరు తుపాన్లు కూడా దాటాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది ఒకటే జబ్బు, తడి పడదు. ఒకసారి తడిసి ఉబ్బిన పువ్వుని ఎంత లప్పం పెట్టినా మళ్లీ పువ్వు కాదు.

తర్వాత ఎత్తు. టేపు పెట్టి నాలుగు మూలలా, మధ్యలో కూడా కొలవండి. మా హాల్లో ఒక మూలకీ ఇంకో మూలకీ ముప్పావు అంగుళం తేడా వచ్చింది, బిల్డర్ల చేతిపని. జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం నివాస గదికి కనీసం 2.75 మీటర్లు, అంటే 9 అడుగుల పైచిలుకు ఉండాలి. నా లెక్క ఏంటంటే, చుట్టూ అంచు ఎంత దించినా 9 అడుగులకి తగ్గకూడదు, మధ్యలో మాత్రం శ్లాబుని అస్సలు దించకూడదు. ఫాల్స్ సీలింగ్ వాళ్లు గది మొత్తం 8 అంగుళాలు దించేద్దామంటారు, వాళ్లకి చదరపు అడుగులు పెరుగుతాయి కాబట్టి. మీరు ఒప్పుకోకండి. దివాణం కప్పు దివాణంలా ఉండేది పైకి ఉండటం వల్లే.

రెండో పని: నేల మీద గీయండి

కాగితం మీద కాదు, నేల మీద, సుద్దముక్కతో. గది ఖాళీగా ఉన్నప్పుడే ఇది కుదురుతుంది. రెండు మూలల నుంచి రెండు మూలలకి దారం లాగితే కలిసేది మధ్య బిందువు. శ్లాబులో ఉన్న ఫ్యాన్ హుక్కు ఆ బిందువు మీదే ఉంటుందని ఆశ పెట్టుకోకండి. మాది 5 అంగుళాలు పక్కకి ఉంది. ఇప్పుడే తెలిస్తే కొత్త హుక్కు వేయించుకోవచ్చు, పద్మం అతికించాక తెలిస్తే జీవితాంతం అదే కనబడుతుంది.

గోడ వెంబడి అంచు గీయండి, తర్వాత లోపలి చట్రం, తర్వాత మధ్య పతకం. ఇక ఆపండి. కుర్చీ తెచ్చుకుని ఆ గీతల మధ్య కూర్చోండి. మేము గీసింది ఇది: చుట్టూ 18 అంగుళాల వెడల్పు అంచు, అది మాత్రమే 6 అంగుళాలు కిందికి, దాని లోపల శ్లాబు మీదే ఒక అంగుళంన్నర వెడల్పు సన్నటి పట్టీతో చట్రం, మధ్యలో 30 అంగుళాల పద్మం. చట్రానికీ పద్మానికీ మధ్య ఏమీ లేదు. మా చిన్నాన్న వచ్చి “ఏంట్రా, ఇంకా పని అవ్వలేదా?” అన్నాడు, అయిపోయాక కూడా అదే అన్నాడు. కానీ ఆ ఖాళీ వల్లే పద్మం పద్మంలా ఉంది.

పతకం కొలతకి నేను వాడే లెక్క: గది పొడవు, వెడల్పు అడుగుల్లో కూడితే ఎంత వస్తుందో అన్ని అంగుళాలు. 18, 13 కలిపితే 31. షాండ్లియర్ దానికి మూడింట రెండు వంతులు మించకపోతే మంచిది. ఇది శాస్త్రం కాదు, కళ్లకి కుదిరింది.

గళ్ల సీలింగే కావాలి అని పట్టుబట్టే వాళ్లకి, మా కొలతలతోనే లెక్క చూపిస్తాను. గళ్లు బేసి సంఖ్యలో ఉండాలి, లేకపోతే మధ్యలోకి గడి రాదు, దూలం వస్తుంది, షాండ్లియర్ దూలం మీంచి వేలాడుతుంది. వెడల్పుకి 3, పొడవుకి 5 అనుకుందాం. దూలం 6 అంగుళాలు. పొడవు 216 అంగుళాలు: మధ్యలో 4 దూలాలకి 24, రెండు చివర్ల పట్టీలకి 12 పోతే 180, ఐదుతో భాగిస్తే 36. వెడల్పు 156: మధ్య దూలాలు రెండిటికి 12 పోతే 144, దీన్ని నేరుగా మూడుతో భాగిస్తే 48, గడి పొడుగైపోతుంది. అందుకని పొడవాటి గోడల పక్కన 18 అంగుళాల చదును అంచు వదిలేస్తే 108, భాగిస్తే మళ్లీ 36. నలుచదరపు గళ్లు వచ్చాయి, ఏసీ పైపు దాచుకోవడానికి అంచూ వచ్చింది. దూలం లోతు 3 అంగుళాలు దాటించకండి. ఎందుకంటే మామూలు సీలింగ్ ఫ్యాన్ 48 అంగుళాలు తిరుగుతుంది, మీ గడి 36. రాడ్డు చిన్నదైతే రెక్క దూలానికి తగులుతుంది. నవ్వకండి, ఒక ఇంట్లో చూశాను. ఇంకొకటి, ఇంట్లో పెద్దవాళ్లు “దూలం కింద కూర్చోకూడదు, వాస్తు” అంటే ఇవి ఉత్తుత్తి దూలాలని నచ్చజెప్పే ఓపిక మీకుండాలి. నాకు లేక మానేశాను.

మూడో పని: హుక్కు, వైర్లు, ఫ్యాన్లు

ప్రభువుల ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్లు లేవు. వైజాగ్ చెమటకి మనకి లేకపోతే గడవదు. మధ్యలో షాండ్లియర్, అటొకటి ఇటొకటి ఫ్యాన్లు పెట్టుకోండి, కానీ ఫ్యాన్ రెక్కలకి పైన ఏ లైటూ ఉండకుండా చూసుకోండి. రెక్కలు వెలుతుర్ని కోస్తుంటే గదంతా రెపరెపలాడుతుంది, అరగంటకి తలనొప్పి.

షాండ్లియర్ బరువు ఫాల్స్ సీలింగ్ మీద ఒక్క గ్రాము కూడా పడకూడదు, శ్లాబులో దిగిన హుక్కే మోయాలి. కొత్త హుక్కు వేశాక మేము షాండ్లియర్ బరువుకి రెట్టింపు ఇసుక బస్తాలో పోసి, దానికి కట్టి, ఒక రోజు అలాగే వదిలేశాం. కింద ఎవర్నీ నడవనివ్వలేదు. మర్నాడు హుక్కు చుట్టూ వెంట్రుకంత పగులు కూడా లేకపోతే అప్పుడు ముందుకెళ్లండి.

అంచు లోపల ఎల్‌ఈడీ పట్టీ పెట్టాలనుకుంటే దాని డ్రైవర్, అంటే పట్టీకి కరెంటు అందించే డబ్బా, ఎక్కడుందో చెయ్యి పెట్టి తీసేలా చిన్న తలుపు ఉంచండి. పట్టీ పదేళ్లు వస్తుందేమో, డ్రైవర్ రాదు. అంచు మీద 2 అంగుళాల పెదవి లేపి పట్టీని దాని వెనక దాచాలి. పెదవికీ శ్లాబుకీ మధ్య కనీసం 3 నుంచి 4 అంగుళాలు లేకపోతే వెలుతురు పరచుకోదు, గీతలా నిలబడిపోతుంది. వెలుతురు 2700 లేదా 3000 కెల్విన్ అని రాసి ఉన్నది కొనండి. 6500 తెలుపు పెడితే ఎంత మంచి గచ్చు పనైనా మెడికల్ షాపే.

నాలుగో పని: సీలింగ్‌ని మోసే ఇనప చట్రం, అంటే ఉప్పు గాలితో గొడవ

ఇక్కడ నా పాత కథ చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేము బీచ్ రోడ్డుకి దగ్గర్లో అద్దెకుండేవాళ్లం, ఓనర్‌ని ఒప్పించి నా డబ్బుతోనే హాల్లో సీలింగ్ చేయించుకున్నాను, అది నా మొదటి తెలివితక్కువ పని. కిటికీ అద్దం పగిలి గాలి లోపలికొచ్చింది. సీలింగ్ మీద నుంచి కాదు, కింది నుంచి లేచింది, మూత తీసినట్టు. తర్వాత ఊడిన పలకల్ని పక్కకి నెడుతూ పైకి చూస్తే, వేలాడదీసినవన్నీ మామూలు బైండింగ్ వైరు ముక్కలు. ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపితే కుంకుమలా రాలింది. కట్టి మూడేళ్లు కూడా కాలేదు. పాత సామాను తీసుకెళ్లడానికి వచ్చిన ముసలి మేస్త్రి దాన్ని చూసి, “సముద్రం కిటికీలోంచి రాదు బాబూ, మేకులోంచి వస్తాది,” అన్నాడు. చేసిన వాణ్ణి అడిగితే తుపానుకి గ్యారంటీ లేదన్నాడు. అది నిజమే గానీ వైరుకీ లేదు కదా.

కాబట్టి: బైండింగ్ వైరు వద్దు, కర్ర చట్రం వద్దు, చెదలు. జీఐ, అంటే జింకు పూతున్న ఇనప సెక్షన్లే వాడండి, వాటి మీద జింకు పూత చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో అడగండి. 120 గ్రాములది దొరుకుతుంది, 275 గ్రాములది కూడా ఉంటుంది. బీచ్ వైపు ఇల్లయితే రెండోదానికి ఖర్చు పెట్టండి. కోసిన ప్రతి చివరా పూత పోయి ఉత్త ఇనుము బయటపడుతుంది, అక్కడ జింక్ పెయింట్ రాయించండి. మీరు దగ్గరుండకపోతే రాయరు. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి అయితే మరీ మంచిది, మొత్తం ఖర్చులో అవి లెక్కలోకి రానంత.

గోడ చుట్టూ పెరిమీటర్ చానల్, శ్లాబు నుంచి యాంకర్ ఫాస్టెనర్లతో పట్టీలు, 4 అడుగులకొక ఇంటర్మీడియట్ చానల్, దానికి అడ్డంగా 18 అంగుళాలకొక సీలింగ్ సెక్షన్, దాని కింద 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు, 9 అంగుళాలకొక స్క్రూ. కిటికీ పక్కా, బాల్కనీ పక్కా తేమ తట్టుకునే ఆకుపచ్చ బోర్డు వేయించండి. ఇంతే, దీంట్లో కళ లేదు, టేపు పట్టుకుని నిలబడటమే.

బిల్లు సంగతి కూడా ఇక్కడే. నిలువు ముఖాల్ని కూడా చదరపు అడుగుల్లో కలుపుతారా, కార్నిస్‌ని రన్నింగ్ అడుగుల్లో విడిగా లెక్కేస్తారా అన్నది పని మొదలవకముందే కాగితం మీద రాయించుకోండి. తర్వాత అడిగితే గొడవే.

ఐదో పని: కార్నిస్ లాగడం

నాకు ఈ మొత్తం పనిలో నచ్చింది ఇదే. రెడీమేడ్ పట్టీలు దొరుకుతాయి, తేలిక, చవక, ఒక రోజులో అతికించేస్తారు. కానీ ప్రతి ఇంట్లో అవే నాలుగు డిజైన్లు. ఫర్మా, అంటే కార్నిస్ ఆకారంలో రేకు, కోయించి తడి గచ్చు మీద లాగిస్తే మీ కార్నిస్ మీదే. ఈ పని చేతనైన మేస్త్రి దొరకడం కష్టం, దొరికితే వదలకండి.

ముందు కార్నిస్ అడ్డకోత అసలు కొలతలో అట్టముక్క మీద గీసి కత్తిరించి, గోడ పైమూలలో టేపుతో అంటించి, గుమ్మం దగ్గర నిలబడి చూడండి. 6 అంగుళాలది గీస్తే గది టోపీ పెట్టుకున్నట్టుంది. 4 అంగుళాల దగ్గర సరిపోయింది. వంపులు ఎక్కువ పెట్టకండి: ఒక లోవంపు, ఒక చిన్న మెట్టు, కింద ఒక సన్నటి గుండ్రటి అంచు. ఎన్ని మెట్లుంటే అన్ని దుమ్ము అరలు.

ఆ ఆకారాన్ని జీఐ రేకు మీద కోసి, ఆకురాయితో అంచుని నున్నగా అరగదీసి, చెక్కకి బిగిస్తారు. అదే ఫర్మా. పొడవాటి బల్ల మీద సబ్బు, నూనె రాసి, పక్కన వంకర లేని పట్టీ కొడతారు, ఫర్మా దాన్ని ఒరుసుకుంటూ రైలు పట్టా మీద పోయినట్టు పోవాలి. ఇక గచ్చు కలపడం, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పొడిలో నీళ్లు పోయకూడదు, నీళ్లలో పొడి చల్లాలి, చేత్తో, రవ్వ చల్లినట్టు. బరువులో నీళ్లు 2 పాళ్లు, పొడి 3 పాళ్లు. ఒక నిమిషం ఊరనిచ్చి నెమ్మదిగా కలపాలి, గిలక్కొడితే బుడగలు. కలిపాక చేతిలో ఉండేది పావుగంట, అంతకంటే కాస్త ఎక్కువ. గట్టిపడటం మొదలయ్యాక నీళ్లు పోసి మళ్లీ మెత్తబరిస్తే అది పొట్టు, పారెయ్యడమే. మా మేస్త్రి మొదటి పూతలో కొబ్బరి పీచు పరిచి ముద్దగా వేసి ఒకసారి లాగాడు, గరుగ్గా, గుంటలు గుంటలుగా వచ్చింది. నేను మొహం చిట్లించాను. రెండోసారి ఇంకాస్త పల్చగా. మూడోసారి మజ్జిగలాంటి గచ్చు పోసి, ఎప్పుడూ ఒకే వైపుకి, ఆపకుండా, బల్ల పొడుగునా లాగాడు. ఫర్మా వెనకాల తడి పింగాణీలాంటి గీత తేలింది. ఆ శబ్దం, పట్టుచీర మడత విప్పినట్టు, ఇప్పటికీ గుర్తుంది. మా నాన్న కుర్చీ వేసుకుని మొత్తం పదకొండు ముక్కలూ లాగేదాకా కదల్లేదు.

ఆరిన ముక్కల్ని గోడకి స్క్రూలతో, గచ్చుతో బిగిస్తారు. గోడ మీద పాత రంగుంటే ఉలితో గాట్లు పెట్టి, కడిగి, తడి చేసి అప్పుడు. లేకపోతే రంగు పొరకి అంటుకుంటుంది, పొరతో సహా ఊడుతుంది. మూలల్లో ముక్కలు కలిసే చోట చేత్తో దిద్దాలి, మేస్త్రి పనితనం అక్కడ తెలుస్తుంది. కార్నిస్‌ని గోడకి మాత్రమే బిగించి, పైన బోర్డుకీ దానికీ మధ్య 10 మిల్లీమీటర్ల సన్నటి సందు వదిలేయండి. ఎండకి శ్లాబు కదులుతుంది, టాప్ ఫ్లోర్‌లో మరీను. రెండిటికీ అతికిస్తే ఏడాది తిరక్కుండానే పగులు. సందు వదిలితే పగులు ఉన్న చోటే నీడ ఉంటుంది, ఎవరికీ తెలియదు, పైగా కార్నిస్ తేలినట్టు అందంగా ఉంటుంది.

ఆరో పని: పద్మం

రెడీమేడ్‌ది కొన్నా తప్పు లేదు, ఒకటే కదా. కాకపోతే విదేశీ ఆకుల డిజైన్ ఎందుకు, మన గుళ్ల మండపాల కప్పు మధ్య చెక్కిన పద్మాలు లేవా? అంచుల డిజైన్ కావాలంటే లేపాక్షి కప్పు బొమ్మల్లో చీరల మీద ఉన్న అంచులు చూడండి, ఒక్కో అంచు ఒక్కో పట్టీకి సరిపోతుంది. మేము ఎనిమిది రేకల పద్మం, రేకు ఎత్తు అర అంగుళం దాటకుండా మట్టితో చేయించి, దాని మీద రబ్బరు అచ్చు తీయించి, పీచు కలిపిన గచ్చు పోయించాం. వెనక గచ్చు, నాలుగు స్క్రూలు, స్క్రూ గుంతల మీద మళ్లీ గచ్చు. గచ్చు ఒక్కదాన్నే నమ్ముకోకండి, కింద మనుషులు కూర్చుంటారు.

చట్రం నాలుగు మూలలకి ప్లాస్టిక్ పువ్వులు పెట్టబోతుంటే మా ఆవిడ ఏటికొప్పాక లక్క పూసలు గుర్తుచేసింది. అంకుడు కర్ర తేలిక, తరిణి మీద తిప్పి లక్క రంగు పట్టిస్తారు, బొమ్మలకే కాదు, అడిగితే గుబ్బలు కూడా చేసిస్తారు. రెండంగుళాల మెరూన్ రంగువి నాలుగు చేయించాం. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి వేడెక్కే బల్బులకి దూరంగా ఉంచాలి.

ఏడో పని: ఆరనివ్వడం, లప్పం, రంగు, బంగారం

మన గాలిలో తేమకి గచ్చు పని ఆరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పెయింటర్ రేపే వస్తానంటాడు. రానివ్వకండి. పచ్చిగా ఉన్నప్పుడు ప్రైమర్ కొడితే లోపలి తడి పొక్కులై బయటికొస్తుంది.

లప్పం అయ్యాక రాత్రి పూట ఒక బల్బు వైరుకి కట్టి, కప్పుకి ఆనించి పక్కనుంచి వెలుతురు పడేలా తిప్పండి. పగలు అద్దంలా ఉన్న చోట గుట్టలూ లోయలూ కనబడతాయి. పెన్సిల్‌తో గుండ్రాలు చుట్టి పొద్దున్నే పెయింటర్‌కి చూపించండి, తిట్టుకుంటాడు, కానీ రుద్దుతాడు. రంగు పూర్తిగా మ్యాట్‌దే వాడండి. మెరుపు ఉంటే ప్రతి లోపం దండోరా వేస్తుంది. మేము ఖాళీ భాగానికి లేత పిస్తా రంగు, గచ్చు పనికంతా కొద్దిగా పసుపు కలిసిన తెలుపు వేశాం. పిస్తా డబ్బా మీద కనబడే దానికంటే కప్పు మీద ముదురుగా కనబడుతుంది, అందుకని రంగు మోతాదు సగం చేసి కలపమన్నాను.

బంగారం విషయం. డబ్బాల్లో దొరికే గోల్డ్ పెయింట్‌లో చాలావాటిలో ఉండేది ఇత్తడి పొడి. చవక బంగారు రేకులు రాగి, జింకు. రెండూ ఉప్పు గాలికి నల్లబడతాయి, పచ్చబడతాయి. పైన సీలర్ కొడితే కొన్నాళ్లు ఆగుతాయి. అసలు బంగారు రేకు నల్లబడదు, ఖరీదు ఎక్కువే గానీ అతి పల్చన కాబట్టి కొంచెం చోటుకి కొంచెమే పడుతుంది. మేము పద్మం మధ్య బొడిపెకి ఒక్కదానికే వేయించాం. కింద ఎర్ర జేగురు రంగు పూసి, దాని మీద జిగురు నూనె రాసి, వేలి వెనక భాగం ఆనిస్తే అంటీ అంటనట్టు చిటుక్కుమనే దాకా ఆగి, ఫ్యాన్లు ఆపేసి, మెత్తటి కుంచెతో పనివాడు రేకు దించాడు. ఊపిరి గట్టిగా వదిలితే రేకు ఎగిరిపోతుంది. అక్కడక్కడ ఎరుపు తొంగిచూస్తే దిద్దించకండి, వెచ్చదనం దాంట్లోంచే వస్తుంది.

డబ్బులు ఇక్కడికి అయిపోయాయనుకోండి, చట్రం పట్టీని గచ్చుతో కాకుండా మాంటెన్యాలా రంగుతోనే గీయించండి. కిటికీ ఏ పక్కనుందో చూసుకుని, వెలుతురు వచ్చే వైపు గీతకి తెలుపు, అవతలి వైపు బూడిద రంగు నీడ. నాలుగడుగుల దూరం నుంచే మోసపోతాం, కప్పు ఇంకా దూరం.

తర్వాత

పోర్టు వైపు, వన్‌టౌన్ వైపు ఉండేవాళ్లకి నల్ల దుమ్ము సంగతి నేను చెప్పక్కర్లేదు. కార్నిస్ మీద అది కూర్చుంటే తడిగుడ్డ పెట్టకండి, మరకలా పరచుకుంటుంది. పొడి మెత్తటి కుంచె, కింద వాక్యూమ్ గొట్టం పట్టుకుని, మూడు నెలలకోసారి. తుపాను హెచ్చరిక వస్తే సీలింగ్‌కి చేయగలిగిన సాయం కిటికీలు, బాల్కనీ తలుపు గట్టిగా బిగించడమే. ఏడాదికోసారి డ్రైవర్ తలుపు తీసి, టార్చి వేసి పట్టీల మీద ఎర్రచుక్కలు ఏమైనా మొదలయ్యాయేమో చూడండి.

కార్నిస్ ఫర్మా రేకు, పద్మం అచ్చు, మిగిలిన పిస్తా రంగు ఒక డబ్బా, రంగు నంబరు రాసిన చీటీతో సహా మేస్త్రి దగ్గర్నుంచి అడిగి తీసుకుని అటక మీద పెట్టండి. మాకు ఆర్నెల్లకే అవసరం పడింది, ఏసీ కుర్రాడు పైపు మారుస్తూ కార్నిస్ అడుగున్నర ముక్క పగలగొట్టాడు. అదే ఫర్మాతో మళ్లీ లాగించాం. ఎక్కడ అతికిందో మా నాన్నకి తెలుసు, బల్ల మీద వెల్లకిలా పడుకుని వచ్చిన వాళ్లందరికీ చూపిస్తారు.